కాంపౌండరుగారి చెయ్యి

ఆదివారం పొద్దున్న పది గంటలవేళ లోవమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చి, సూర్యప్రకాశంగారి వీధిగదిలో బల్ల మీద కూర్చుంది. పిల్లకి నాలుగు రోజులుగా జ్వరం. తాళ్ళరేవు డాక్టరు అయిదు ఇంజెక్షన్లు రాసి, రెండు తను చేసి, మిగతా మూడూ ఊళ్ళోనే కాంపౌండరుగారి చేత చేయించుకోమన్నాడు. నలభయ్యేళ్ళుగా చినమెరకలో ఎవరికి సూదిమందు పడాలన్నా ఆ వీధిగదిలోనే పడేది.

వంటింట్లో బియ్యం కడుగుతున్న నాగేశ్వరికి తండ్రి గొంతు వినబడుతోంది.

"నీ పేరేంటమ్మా?"

"దుర్గ."

"ఒట్టి దుర్గేనా? ఇంటిపేరుతో సహా చెప్పాలి. మీ నాన్న పేరు, తాత పేరు, ఊరి పేరు కూడా. ఎక్కడా ఆగకూడదు. ఆగావంటే మళ్ళీ మొదట్నించీ."

నాగేశ్వరికి నవ్వొచ్చింది. ఊళ్ళో సగంమంది ఈ పాఠం చెప్పే పెరిగారు. తనూ చెప్పింది. ఊరి పేరు దాకా వచ్చేసరికి సూది దిగడమూ, బయటికి రావడమూ అయిపోయేది. అయిపోయిందని పిల్లలకి చెప్పాల్సి వచ్చేది.

ఇవాళ దుర్గ ఊరి పేరు చెప్పింది. మండలం పేరు చెప్పింది. తెలిసినవన్నీ అయిపోయి ఊరుకుంది. గదిలోంచి ఇంకే మాటా రాలేదు. నాగేశ్వరి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

తండ్రి కుడిచేత్తో సిరంజి పట్టుకుని నిలబడి ఉన్నారు. సూది మొన గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతోంది. ఎడంచేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నారు. ఆ చేతిలోనే ఉన్న తడి దూది ఒత్తుకుపోయి, స్పిరిట్ ఆయన పంచె మీదికి కారుతోంది.

లోవమ్మ పిల్ల గౌను కిందికి లాగేసింది. "వద్దులెండి కాంపౌండరుగారూ." ఆ గొంతులో కోపం లేదు. జాలి ఉంది. "పొద్దున్నే మొదలెట్టేశారా? చవకగా బ్రాందీ దొరికే యానాం పక్కనుంటే ఇదే తంటా అండి. మా ఇంటాయనా ఇలాగే పాడైపోయాడు."

"ఒక్క నిమిషం ఉండమ్మా. కుదురుకుంటుంది."

"పసిపిల్లండి. ఏ నరానికో తగిలితే? ఏమీ అనుకోకండి." మందు సీసాలు కొంగున కట్టుకుని, పిల్లని ఎత్తుకుని లోవమ్మ వెళ్ళిపోయింది.

సూర్యప్రకాశంగారు సూదికి మూత పెట్టబోయారు. మూడోసారికి పడింది. అప్పుడు కూతుర్ని చూశారు. "ఇవాళ కాస్త నీరసంగా ఉందమ్మా" అన్నారు.

గుమ్మం దాకా వస్తున్న ఆ ఘాటు వాసనకి నాగేశ్వరి మొహం తిప్పుకుంది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అనాల్సింది ఆర్నెల్ల క్రితమే అనేసింది. "ఆ యానాం బస్సెక్కడం మానెయ్యండి నాన్నగారూ, స్కూల్లో తోటి టీచర్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాను." ఆయన "సరేనమ్మా" అన్నారు. అప్పటిదాకా శనివారం శనివారం వెళ్ళే మనిషి, ఆ తరవాత ఒక్కసారి కూడా యానాం వెళ్ళలేదు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే వణికింది. అంటే ఇంట్లోనే ఎక్కడో దాచుకుంటున్నారన్నమాట అనుకుంది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు రెండుసార్లు మందుల బీరువా వెనక వెతికింది కూడా. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

సోమవారం స్కూల్లో పిల్లలకి ఆరోగ్య పరీక్షలు. పి.హెచ్.సి.కి కొత్తగా వచ్చిన డాక్టరు శృతి, నూటపాతిక మంది పిల్లల పళ్ళూ కళ్ళూ చూసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగింది.

"టీచరుగారూ, కాలవగట్టు మీద సంచీ తగిలించుకుని వెళ్తుంటారే, ఆ పెద్దాయన మీ నాన్నగారట కదా?"

తాగుడు సంగతి ఈమె దాకా వచ్చిందనుకుంది నాగేశ్వరి. ఇంకెవరో ఏదో చెప్పి ఉంటారు. "అవునండి."

"నడిచేటప్పుడు ఆయన కుడి చెయ్యి చూశారా? ఎడమది ఊగుతుంది. కుడిది కట్టేసినట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది. అడుగులు కూడా చిన్నవి పడుతున్నాయి. నేను జీపులోంచి రెండుసార్లు చూశాను."

"చెయ్యి వణుకుతుందండి."

"ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కూడా వణుకుతుందా?"

నాగేశ్వరి ఆలోచించింది. తండ్రి చేతుల్ని ఆమె పరకాయించి చూసి చాలా రోజులైంది. "తెలీదండి" అంది. ఆ మాట అనడానికి సిగ్గేసింది.

"పార్కిన్సన్స్ అని ఒక నరాల జబ్బుంది. అదేనని నేననను. కాకినాడలో మా ప్రొఫెసరుగారున్నారు, న్యూరాలజిస్టు. ఉత్తరం రాసిస్తాను, గురువారం చూపించండి."

నాగేశ్వరి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి... అలవాటుందని ఊళ్ళో అంటారండి. అది కూడా చెప్పాలేమో."

"మీరు చూశారా?"

"లేదండి."

"మరైతే చెప్పకండి. పెద్ద డాక్టరుగారి దగ్గర పది నిమిషాలు దొరికితే ఎక్కువ. ఈ మూడ్రోజులూ జాగ్రత్తగా గమనించి, చూసింది మాత్రమే రాసుకెళ్ళండి." ఏమేం చూడాలో శృతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏ చెయ్యి ముందు? ఎప్పటినించి? చేతిరాత మారిందా? గుండీలు పెట్టుకోగలరా? ఎక్కడైనా పడ్డారా? నిద్రలో కేకలేస్తారా? వాసన తెలుస్తోందా?

"వాసనా?"

"అవునండి. కొంతమందికి వణుకు రావడానికి ఏళ్ళ ముందే ముక్కు పనిచెయ్యడం మానేస్తుంది."

గురువారం కాకినాడ వెళ్ళాలని చెప్పినప్పుడు ఆయన పేచీ పెడతారనుకుంది నాగేశ్వరి. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నరాల డాక్టరా? సరే. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్దాం" అన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో ఆమెకి అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన చొక్కా వేసుకుంటుంటే గుమ్మం పక్కన నిలబడి చూసింది. ఆయన గుండీలు కిందినుంచి పైకి పెట్టుకొస్తున్నారు. ఒక్కొక్క గుండీనీ కాజా దగ్గరికి తెచ్చి, వేళ్ళు కుదురుకునేదాకా ఆగుతున్నారు. మెడ దగ్గరి గుండీ జోలికి పోలేదు. ఈమధ్య ఆయన మెడ గుండీ వదిలేసి తిరుగుతుంటే, తాగినవాళ్ళ వాలకం అనుకుంది తను. కాగితం మీద రాసింది: "అయిదు గుండీలు, ఎనిమిది నిమిషాలు."

చేతిరాత కోసం బీరువాలో ఉన్న పాత రిజిస్టర్లు దింపింది. చేసిన ప్రతి ఇంజెక్షనూ రాసుకోవడం ఆయన అలవాటు. డెబ్భై అయిదు నాటి రిజిస్టరులో అక్షరాలు గవ్వలు పేర్చినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఎవరెవరి పేర్లో! పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు, కుక్క కరిచిన కూలీలు, మేకు గుచ్చుకున్న పడవవాళ్ళు. పిల్లల పేర్ల పక్కన మాత్రం ఇంకో గడి ఉంది. దానిలో "ఏడ్చాడు", "కొంచెం ఏడ్చింది", "ఏడవలేదు" అని రాసి ఉంది. పేజీలు తిప్పుతుంటే తన పేరే కనబడింది. "చి. నాగ, టైఫాయిడ్." వరసగా రోజూ ఉంది. మొదటి ఆరు రోజులూ "ఏడ్చింది". ఏడో రోజున "ఏడవలేదు" అని రాసి, కింద గీత గీశారు.

నాగేశ్వరి నేల మీదే కూర్చుండిపోయింది. అప్పట్లో గాజు సిరంజిలు. స్టీలు పెట్టెలో నీళ్ళు పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద మరిగించేవారు. సెలవురోజుల్లో తను సైకిలు వెనక కూర్చుని, ఇంకా వేడి ఆరని ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, కాలవగట్ల వెంట ఆయనతో ఊళ్ళు తిరిగేది. వాన వస్తే గొడుగు పెట్టెకి పట్టేవారు, తామిద్దరూ తడిసేవారు. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమె చేతిలో తేగో, జామపండో పెట్టి, "మీ నాన్నగారి చెయ్యి దూదమ్మా, సూది దిగినట్టే తెలీదు" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ తనకే ఎవరో బహుమతి ఇచ్చినట్టుండేది.

ఈ ఏడాది రిజిస్టరు తీసింది. పంక్తి మొదట్లో అక్షరం అక్షరంలాగే ఉంది. చివరికి వచ్చేసరికి ఆవగింజలంత అయిపోయింది. ఎప్పటినుంచి చిన్నదైందా అని వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళింది. మూడేళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

అప్పుడే మాడు కంపు కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తింది. పాలు పొంగి, గిన్నె అడుగంటి, పొగ లేస్తోంది. స్టవ్వుకి రెండు బారల దూరంలో పీట మీద కూర్చుని తండ్రి పేపరు చదువుకుంటున్నారు.

"పాలు మాడిపోతుంటే పలకరేంటి నాన్నగారూ!"

"అయ్యో, చూళ్ళేదమ్మా" అన్నారాయన కంగారుగా.

చూడలేదన్నారు సరే, ఇంత మాడు కంపు ముక్కుకి తెలియలేదా? నాగేశ్వరి గిన్నె దింపి, వీధిగదిలోకి వెళ్ళి స్పిరిట్ సీసా తెచ్చింది. "ఒక్కసారి కళ్ళు మూసుకోండి" అని, మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేంటో చెప్పండి."

ఆయన గాఢంగా పీల్చారు. మళ్ళీ పీల్చారు. కళ్ళు తెరవకుండానే, "నీ చేతిలో ఏమైనా ఉందా అసలు?" అన్నారు.

"ఎన్నాళ్ళయింది నాన్నగారూ?"

"అయిదారేళ్ళు. ముందు కాఫీ పోయింది. తరవాత మల్లెపూలు. స్పిరిట్ ఎప్పుడు పోయిందో నేనూ గమనించుకోలేదు."

నాగేశ్వరి ఆయన పంచె వంక చూసింది. మోకాలి మీద స్పిరిట్ మరకలు. చెయ్యి వణికి దూది మీద పొయ్యబోయింది ఒంటి మీద పడుతుంది. తడిచెయ్యి పంచెకి తుడుచుకుంటారు. ఆ వాసన వేసుకుని వీధిలోకి వెళ్తారు, అది ఆయనకే తెలీదు. తూలుతున్నట్టుండే నడక ఉండనే ఉంది. యానాం నాలుగు మైళ్ళు. ఊరికి ఇంకేం కావాలి?

ఊరి సంగతి సరే. తనకేమైంది? టైఫాయిడు రోజుల్లో ఆ వాసన వస్తేనే నాన్న ఇంటికొచ్చాడని తెలిసేది. ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని, ఆ వాసనలోనే నిద్రపోయేది. అదే వాసనని పట్టుకుని తను బీరువా వెనక సీసా కోసం వెతికింది.

బుధవారం పూటసెలవు పెట్టి నాగేశ్వరి యానాం వెళ్ళింది. వణుకు మొదలైన రోజు ఎవరికైనా తెలిస్తే, శనివారాలు నాన్న కలుసుకునే పాత స్నేహితుడు వీరబ్రహ్మంగారికే తెలియాలి. బ్రాందీ షాపుల వరస దాటాక సందు మొదట్లో ఆయన గడియారాల కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, చేతిగడియారంలోకి తొంగి చూస్తున్నాడు.

"ఆర్నెల్లయింది మీ నాన్న మొహం చూసి" అన్నాడు తలెత్తకుండానే. "నువ్వు వద్దన్నావట."

"తప్పు చేశాను బాబాయిగారూ."

ఆయన భూతద్దం తీసి, స్టూలు ఆమె వైపు జరిపాడు. నాగేశ్వరి కాగితం చూపించి సంగతంతా చెప్పింది.

"మూడేళ్ళ కిందట, వేసవిలో" అన్నాడు వీరబ్రహ్మం. "ఇక్కడే చదరంగం ఆడుతున్నాం. బంటుని జరపబోయి పక్కనున్న గుర్రాన్ని పడేశాడు. మళ్ళీ నిలబెట్టబోతే ఏనుగు పడింది. అప్పుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. 'బ్రహ్మం, ఇది మన డాక్టరుగారి వణుకేరా' అన్నాడు."

"ఏ డాక్టరుగారు?"

"మీ నాన్న పని నేర్చుకున్న మణిశంకర్ డాక్టరుగారు. అప్పుడు నువ్వు రాజమండ్రి హాస్టల్లో ఉండి కాలేజీ, ఆ తరవాత ట్రైనింగ్ చదువుతున్నావు. ఆయనకీ ఈ జబ్బే. ఆఖరి ఆరేళ్ళూ ఆయనకి అన్నం కలిపి నోట్లో పెట్టింది మీ నాన్నే. చొక్కా తొడిగింది, పక్క మీద ఒత్తిగిలబెట్టింది, అన్నీ."

నాగేశ్వరి చేతిలోని కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. "మరి తాగుతున్నారని అందరూ అంటుంటే ఎందుకు ఊరుకున్నారు?" అంది.

"తాగడం! నా దగ్గర టీ కూడా సగం గ్లాసే పోయించుకునేవాడు, తొణుకుతుందని. ఎవడో నా ఎదురుగానే ఆ మాటంటే, నేను కొట్టడానికి లేచాను. మీ నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. 'అనుకోనీరా, అదే నయం' అన్నాడు."

"నయమేంటి బాబాయిగారూ?"

"నన్నడిగితే? ఆయన్నే అడుగు, తల్లీ."

ఆమె ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఎండ పెరట్లో సపోటా చెట్టు మీదికి వాలింది. సూర్యప్రకాశంగారు అరుగు మీద కూర్చుని, రేపటికి కావలసిన తెల్లపంచె మడత పెట్టుకుంటున్నారు. అంచు అంచుకి కలవడం లేదు. నాగేశ్వరి ఎదురుగా కూర్చుని రెండో కొస పట్టుకుంది.

"యానాం వెళ్ళొచ్చాను. మీకు మొదట్నించీ తెలుసట."

ఆయన పంచె వంకే చూస్తూ, "బ్రహ్మం కడుపులో ఏదీ దాగదు" అన్నారు.

"తెలిసి మూడేళ్ళు ఊరుకున్నారా? ఊరంతా అంటుంటే, నేనంటుంటే?"

"ఏం చెప్పమంటావమ్మా! డాక్టరుగారికో కూతురుండేది, హైమ. మహా కోపిష్టి. ఆయన చుట్ట కాలిస్తే కోపం, వేళకి తినకపోతే కోపం. ఇదీ జబ్బని తెలిసిన రోజునుంచి ఆ పిల్ల ఆయన్ని మళ్ళీ ఒక్క మాట అనలేదు. అడిగిందల్లా పెట్టేది. మంచం పక్క కూర్చుని కన్నీళ్ళు కార్చేది. ఆయన నాతో అనేవారు, 'ప్రకాశం, నా కూతురు నన్ను తిట్టడం మానేసిందిరా, నేనప్పుడే పోయినట్టుంది' అని."

పంచె మడత ఆయన ఒళ్ళో ఆగిపోయింది. కుడిచెయ్యి దాని మీద వణుకుతోంది.

"నువ్వు యానాం వెళ్ళొద్దన్నప్పుడు కోపంగా అన్నావు. అంటే నాన్న మానేస్తారు, బాగుపడతారని నీకింకా ఆశ ఉందన్నమాట. తాగుడైతే మానొచ్చు. ఇది మానేది కాదు కదమ్మా. ఆ ఆశ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ అనుకున్నాను."

నాగేశ్వరి పంచె లాక్కుని, తనే టకటకా మడతపెట్టింది. కళ్ళనీళ్ళు దాని మీదే పడ్డాయి. "మీ బీరువా వెనక సీసా కోసం వెతికాను, తెలుసా మీకు?"

"తెలుసు. పదేళ్ళ దుమ్ము ఒక్కరోజులో పోతే తెలీదూ?"

"నాకిప్పుడు మీ మీద ఒళ్ళు మండిపోయేంత కోపంగా ఉంది నాన్నగారూ."

ఆయన మొహం ఈమధ్య నవ్వినా నవ్వినట్టుండదు. కళ్ళల్లో మాత్రం తెలిసింది. "అమ్మయ్య" అన్నారు.

గురువారం కాకినాడలో తమ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. న్యూరాలజిస్టు అరవయ్యేళ్ళ మనిషి. శృతి ఉత్తరం చదివి, నాగేశ్వరి కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివాడు. "గుండీలకి టైము కూడా చూశారే" అన్నాడు. సూర్యప్రకాశంగారి చేత బొటనవేలూ చూపుడువేలూ టపటపా కొట్టించాడు. ఎడమచెయ్యి కొట్టింది. కుడిచెయ్యి నాలుగుసార్లు కొట్టి, దారి మరిచిపోయినట్టు ఆగిపోయింది. మణికట్టు పట్టుకుని తిప్పి చూశాడు. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడవమన్నాడు.

ఆయన నడిచారు. అడుగులు చిన్నగా, తొందరగా, కాస్త ముందుకి తూలుతూ. బల్లల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఎవరూ ఎవరి చెవిలోనూ గుసగుసలాడలేదు. ఎవరో ముసలాయన, "నెమ్మదిగా బాబూ, తొందరేం లేదు" అన్నాడు. ఏడాదిగా తండ్రితో వీధిలో నడవాలంటే తను నాలుగడుగులు వెనకబడుతూ వచ్చింది. ఇక్కడ ఆ అవసరం లేదని నాగేశ్వరికి తెలిసింది.

లోపలికొచ్చాక డాక్టరు రాసుకుంటూనే అడిగాడు. "సిగరెట్లు?"

"లేదండి" అన్నారు సూర్యప్రకాశంగారు.

"మందు అలవాటు?"

ఆయన నోరు తెరిచేలోపు నాగేశ్వరి అంది. "లేదండి. ఎప్పుడూ లేదు."

డాక్టరు చిన్న గీత గీసి కింది ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

"పార్కిన్సన్సే అనిపిస్తోంది. మందు మొదలుపెట్టి చూద్దాం. నడక తేలికపడుతుంది, చేతులు కొంత మాట వింటాయి. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

"తెలుసండి" అన్నారు సూర్యప్రకాశంగారు. తరవాత కుర్చీ అంచుకి జరిగి, మూడురోజులుగా, బహుశా మూడేళ్ళుగా దాచుకున్న మాట అడిగారు. "ఇంజెక్షన్లు చెయ్యచ్చాండీ?"

డాక్టరు కలానికి మూత పెట్టాడు. "మీరేం చేసేవారు?"

"కాంపౌండర్నండి. నలభయ్యేళ్ళు."

"ఇంకొకరి ఒంట్లో దిగే సూది కదండీ. నేనైతే వద్దంటాను."

"అంతేనండి. నేనూ అలాగే అనుకున్నాను."

బయట వరండాలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. చీటీ మందుల కొట్టులో ఇచ్చి రావాలి. నాగేశ్వరి వెంటనే లేవలేకపోయింది. ఆయన ఎటో చూస్తున్నారు. ఏమైనా చెప్పాలనిపించింది గాని, ఏం చెప్పినా అబద్ధంలా ఉంటుందనిపించింది.

ఎదురు మంచం మీద ఓ ముసలామెకి నర్సు సెలైన్ ఎక్కించబోతోంది. ఎండిన తాటాకులాంటి చెయ్యి. రెండుసార్లు గుచ్చి తీసింది. మూడోసారి సూది విప్పేసరికి ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుని, "చంపేస్తున్నారు బాబోయ్" అని ఏడుపు మొదలుపెట్టింది. నర్సు మొహం ఎర్రబడింది.

సూర్యప్రకాశంగారు ముందుకి ఊగి, మళ్ళీ ఊగి, లేచి నిలబడ్డారు. నాగేశ్వరి పట్టుకోబోతే వద్దని తలూపి, మంచం దగ్గరికి వెళ్ళారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"అమ్మా, ఒక మాట చెప్పనా?"

నర్సు తలెత్తి చూసింది.

"ఆవిడ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడనీ. అలా కాసేపు ఉంచు, తొందరపడకు. ఊఁ. ఇప్పుడు బొటనవేలి మొదట్లోంచి పైకి, ఆ పక్కన తడిమి చూడు. అది కంటికి కనపడదు, వేలికే తెలుస్తుంది. తగిలిందా?"

"ఏదో దారంలా జారిపోతోందండి."

"అదే. కింది చర్మం కాస్త బిగలాగి పట్టుకుంటే జారదు. సూది నిలువుగా వద్దు. పడుకోబెట్టి, మెల్లగా తోసుకుంటూ పో. ఇంకొంచెం. ఆగు."

గొట్టంలో ఎర్రగా రక్తం చుక్క కనబడింది. నర్సు ఊపిరి వదిలింది. ముసలామె ఇంకా ఏడవడానికి సిద్ధంగా నోరు తెరుచుకునే ఉంది. "అయిపోయిందా?" అంది ఆశ్చర్యంగా.

నర్సు సూది మీద ప్లాస్టరు అంటించి, చుక్కలు సరిచేసి, పక్కనున్న పెద్దాయన వైపు తిరిగింది. "మీరు డాక్టరాండీ?"

"కాదమ్మా" అన్నారు సూర్యప్రకాశంగారు. "కాంపౌండర్ని."